బుగ్గలు చూసి కొట్టిన దరువు

కొత్తగూడెం బొగ్గు బాయిల చుట్టుపక్కల ఎవరి చేతి కిందా లేని మొట్టమొదటి బ్యాండు మేళం మాది. ఈ మాట నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి 'మొట్టమొదటి' అన్న మాట కొట్టేస్తున్నాను. మాకంటే ముందు ఇద్దరో ముగ్గురో పెట్టారు. వాళ్ళు ఊళ్ళు మారిపోయారు. అడ్డు చెప్పేవాళ్ళు లేక నా మాట అలా నిలబడిపోయింది.

ఇప్పుడు ఇదంతా తవ్వడానికి కారణం మా మనవరాలు. ఖమ్మంలో చదువుకుంటూ, స్నేహితులతో కలిసి పాటలు కడుతుంది. మొన్న వాళ్ళంతా మా ఇంటికి భోజనానికి వచ్చి, పప్పు చల్లారిపోయేదాకా ఒకటే వాదన. ఏ బ్యాండును నిజంగా ఇండీ అనాలి? ఇండీ అంటే సొంత బ్యాండట, ఎవరి పెత్తనమూ లేనిదట. కంపెనీకి సంతకం పెట్టకపోతే చాలా? పాట సొంతమైతే చాలా? పాట సొంతమే కానీ అమ్మిపెట్టేది కంపెనీ అయితే అప్పుడేమనాలి?

"తాతా, నీది సొంత బ్యాండే గదా. నువ్వు చెప్పు" అంది మనవరాలు.

నేను గొంతు సవరించుకుని నా పాత కథ ఎత్తుకున్నాను. ఖమ్మం క్యాసెట్ల ఆయన మా డ్రమ్ము మనిషిని పక్కన పెట్టమంటే, క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి, "మా బావ లేని క్యాసెట్ మాకొద్దు" అని మెట్లు దిగి వచ్చేసిన కథ. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిన్న అన్నం అరిగింది గానీ ఆ చప్పట్లు నాకు అరగలేదు. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

డెబ్బైల చివర నేను బాయిలో హాలేజీ నడిపేవాణ్ణి. బొగ్గు నింపిన టబ్బులను ఇనప తాడుతో పైకి లాగే యంత్రం అది. మొదటి షిఫ్టు దిగి, ఒంటి మీది నలుపు వదిలేదాకా రుద్దుకుని, బజారులో బ్యాండు మాస్టరు దుకాణానికి పోయేవాణ్ణి. క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు, బంగారు కుచ్చుల ఎర్ర కోట్లు, టోపీలు అన్నీ మాస్టరువే. పెండ్లి ఆయన ఒప్పుకునేవాడు, పాట ఆయన చెప్పేవాడు, మేం ఊదేవాళ్ళం. మాది అని చెప్పుకోవడానికి మా ఊపిరి తప్ప ఏమీ లేదు. క్లారినెట్ ఊదేటప్పుడు బుగ్గలు ఉబ్బించకూడదని ఆయన నియమం. నాకు ఉబ్బించకపోతే గాలి ఆడదు. నా నెత్తి మీద ఆయన మొట్టికాయ పడని బరాత్ ఊరేగింపు లేదు.

ఒక ఎండాకాలం పెండ్లిళ్ళు అయిపోయాక మేం ఐదుగురం విడిపోయి సొంత మేళం పెట్టుకున్నాం. నడి బజారులో కోట్లు విప్పి మాస్టరు ముందు విసిరికొట్టామని చాలామందికి చెప్పాను. విసరలేదు. మా ఆవిడ ఐదు కోట్లూ ఉతికి, ఇస్త్రీ పెట్టి, పాత చీరలో మూట కట్టి ఇచ్చింది. నేను ఆ మూట మాస్టరు చేతికి ఇచ్చి, "ఎప్పుడన్న మనిషి తక్కువైతే కబురు పెట్టుండ్రి" అని కూడా అన్నాను. ఆయన కోట్ల గుండీలు చూసుకుని, "బుగ్గలు ఉబ్బియ్యకు" అన్నాడు. అంతే జరిగింది.

సొంత క్లారినెట్, సొంత ట్రంపెట్, సొంత డ్రమ్ములు సంపాదించుకున్నాం. సొంత బ్యాండు అంటే ఇదే అనుకున్నాం. మరి వేషం? మేం నెత్తి మీద బాయి దీపాలు వెలిగించుకుని పెండ్లికొడుకు ముందు వరుసగా నడిచేవాళ్ళమని మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. వాళ్ళకు చెప్పింది నేనే. ల్యాంపు రూములో దీపాన్ని నంబరు చూసి ఇస్తారు, నంబరు చూసి తీసుకుంటారు. పెండ్లికి తీసుకుపోనిస్తారా? మేం వేసుకున్నవి తెల్ల చొక్కాలు, భుజాన ఎర్ర తువ్వాళ్ళు. మొదటి పెండ్లిలో మమ్మల్ని వంటవాళ్ళనుకుని ఉల్లిగడ్డల బస్తా చూపించారు.

ఇక్కడ డ్రమ్ము బావ సంగతి చెప్పాలి. మా ఐదుగురిలో పెద్ద డ్రమ్ము ఆయనది. బాయి మనిషి కాడు. మా క్వార్టర్ల మూలమలుపులో సైకిల్ షాపు. చిన్నప్పుడు తట్టు పోసి చెవులు దాదాపు పోయాయి. దగ్గరికి పోయి గట్టిగా అరిస్తే కొంత, పెదవుల కదలిక చూసి కొంత అర్థం చేసుకునేవాడు. ట్యూబులో గాలి ఎక్కడ పోతుందో చూడడానికి అందరూ నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు. ఈయన ట్యూబును పెదవుల ముందు మెల్లగా తిప్పుకుంటూ పోయి, ఒక చోట ఆగి, సుద్దతో గుండ్రంగా గీత గీసేవాడు. అక్కడే సూది మొనంత చిల్లు ఉండేది. వరసకు నాకు ఏమీ కాడు. ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ ఆయన్ని బావా అన్నాను, పిల్లలకు ఆయన మామ అయ్యాడు.

చెవులు లేని మనిషి డ్రమ్ము ఎలా కొడతాడని అడుగుతారు. నా బుగ్గలు చూసి. నేను గాలి పీల్చి బుగ్గలు నింపగానే ఆయన కర్ర లేస్తుంది. చూడాలి, తర్వాత కొట్టాలి కాబట్టి దెబ్బ ఎప్పుడూ నా స్వరం కంటే ఒక గుక్కంత వెనక పడేది. మా ట్రంపెట్ మనిషి నాతో పాటు బాయిలో పనిచేసేవాడు, నోటి దురుసు. "మన బ్యాండుకు ముందు కాళ్ళు నీయి, వెనక కాళ్ళు బావయి. నడుమ మేం ఊగుతున్నం" అనేవాడు. నేను కంటితో సైగ చేసి బావను తొందర పెట్టేవాణ్ణి. ఆయన అది మెచ్చుకోలు అనుకుని ఇంకా నిదానంగా, ఇంకా గట్టిగా కొట్టేవాడు.

ఎనభైల్లో ఒకసారి చర్ల అవతల ఒక ఊరికి, టీచరు గారింటి పెండ్లికి పోయాం. భద్రాచలంలో బస్సు మారి, గోతుల రోడ్డు మీద డ్రమ్మును ఒళ్ళో పెట్టుకుని ఎగురుకుంటూ పోయాం. ఆ ఊరి కోయ వాళ్ళు కూడా తమ డోళ్ళు తీసుకుని పెండ్లికి వచ్చారు. పొద్దున వాళ్ళు వాయించారు, తర్వాత మేం వాయించాం. భోజనాల దగ్గర వాళ్ళలో ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చుని క్లారినెట్‌ను చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇది నువ్వే చేసుకున్నవా?"

"లేదు. పట్నంల కొన్నం."

"ఆ డోలు?"

"అదీ కొన్నదే."

"పాట?"

"సినిమాది."

ఆయన క్లారినెట్‌ను నా చేతికి ఇచ్చాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "మరి ఇందుల మీదేంది?"

నేను తువ్వాలుతో క్లారినెట్ తుడవడం మొదలుపెట్టాను. నేను ఊదుతుంటే మంత్రి గారు కారు దిగి నిలబడి విన్నాడనే కథ ఒకటి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అది కూడా ఎత్తుకోలేదు. ఆయన మళ్ళీ, "ఆ పెద్ద డోలు ఆయన నీ మొఖం దిక్కే చూస్తుండు. ఎందుకు?" అన్నాడు.

"అలవాటు" అన్నాను, సిగ్గుపడి.

డ్రమ్ము బావ విస్తరి ముందు నుంచి మోచేత్తో పొడిచాడు. "ఏమంటుండు బావా?"

"మన వాయింపు మంచిగుందంటుండు."

"అవ్, మంచిగనే వాయించినం" అని ఆయన పెరుగన్నంలోకి వంగాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఊగినంతసేపూ ఆ ప్రశ్న నాలో ఊగింది. కోట్లు మాస్టరువి, తిరిగి ఇచ్చేశాం. పాటలు సినిమావాళ్ళవి. వాయిద్యాలు ఎవరు చేశారో కూడా తెలియదు. మరి పెండ్లి పిలుపు ఇచ్చేవాళ్ళు మాస్టరు మేళం ఉండగా మమ్మల్నే ఎందుకు వెతుక్కుంటూ వస్తున్నారు? జనం మా వెంట ఎందుకు చిందులేస్తూ ఎగురుతున్నారు? ఇంటికి వచ్చాక మా ఆవిడను అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "మీ మేళానికి ఎగురుడు అల్కగుంటది, కష్టమనిపియ్యదు. కాలు లేపినంక, కింద పెట్టేటందుకు జర టైమిస్తది" అంది.

ఆ గుక్కంత ఆలస్యం! నేను ఏళ్ళ తరబడి సైగలు చేసి పోగొట్టాలని చూసిందే జనానికి కాలు పెట్టుకునే చోటయ్యింది. మాస్టరు మొట్టికాయలు వేసిన నా ఉబ్బిన బుగ్గలు, తట్టు పోసిన బావ చెవులు. రెండు లోపాలు కలిస్తే పుట్టిన నడక అది. అది ఎవరి దుకాణంలోనూ దొరకదు. ఇది ఆనాడే నాకు అర్థమైందని చెప్పుకుంటాను గానీ, సగమే అర్థమైంది. పూర్తిగా అర్థమై ఉంటే ఖమ్మంలో అలా చేసేవాణ్ణి కాదు.

ఆ తర్వాత రెండు మూడేళ్ళకు, టేపు రికార్డరు లేని టీకొట్టు లేని రోజుల్లో, ఖమ్మం నుంచి ఒక క్యాసెట్ల ఆయన వచ్చాడు. సత్తుపల్లి వైపు ఒక బరాత్‌లో మమ్మల్ని విన్నాడట. "అన్నా, మీ మేళాన్ని క్యాసెట్ చేద్దాం. ఆటోలల్ల, హోటళ్ళల్ల మీరే మోగుతరు" అన్నాడు. ఆ రాత్రి ఐదుగురం క్యాసెట్ మీద ఎవరి ఫొటో పెద్దగా వేయాలో మాట్లాడుకున్నాం. డ్రమ్ము బావ మాత్రం ఒక్కటే అడిగాడు. "క్యాసెట్ల నా దెబ్బ ఉంటదా? నా మనవలు ఇంటరా?"

"ఉంటది బావా" అన్నాను. ఆయన వినలేని చప్పుడు, ఆయన పోయాక కూడా పిల్లలు వినాలి. అదే ఆయన కోరిక. దాని కోసం రెండు రోజులు షాపు మూసి, చొక్కాకు గంజి పెట్టించుకుని వచ్చాడు.

రికార్డింగు గది ఒక బట్టల దుకాణం పైన మేడ మీద. గోడలకు బొంతలు వేలాడదీశారు. పెద్ద డ్రమ్ము మైకును మింగేస్తుందని, దాన్ని గుమ్మం అవతల వరండాలో పెట్టించి తలుపు మూశారు. చెవులున్న వాడికైతే అది పెద్ద సంగతి కాదు. మా బావకు నా బుగ్గలు కనిపించకుండా పోయాయి. పాట మొదలవుతుంది, దెబ్బ ఎక్కడో పడుతుంది. మూడుసార్లు తీశారు, మూడుసార్లూ చెడింది. తలుపు తెరిచి పెట్టమని ఒక్క మాట అడగొచ్చు. ఆ బొంతలు, ఆ వైర్లు, ఎర్రగా వెలిగే ఆ చిన్న బల్బు చూసి జంకి, అడగలేదు.

"అన్నా, పెద్దాయన్ని జర చాయ్ తాగి రమ్మనుండ్రి. నా దగ్గర వాయించే మనిషి ఉన్నడు. టైముకు పడతది" అన్నాడు క్యాసెట్ల ఆయన.

మా ట్రంపెట్ మనిషి నా వైపు చూశాడు. "మామా, ఏమంటవ్?"

ఇక్కడే నా కథలో నేను క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి మెట్లు దిగేది.

దిగలేదు. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి, బావ ముందు నిలబడి, పెదవులు బాగా కదిలించి, "మైకు ఖరాబైందట. బాగు చేస్తుండ్రు. చాయ్ తాగి రా" అన్నాను. ఆయన నా ముఖం కాసేపు చూసి, కర్రను డ్రమ్ము మీద పెట్టి, మెట్లు దిగి పోయాడు. ఆ కర్రనే తీసుకుని వాళ్ళ మనిషి వాయించాడు. దెబ్బ గడియారంలా పడింది. ఒక్కసారికే అయిపోయింది. మేం చివరి పాట ముగిస్తుండగా బావ వచ్చాడు, ఒక చేతిలో చాయ్ కెటిల్, ఇంకో చేతిలో గాజు గ్లాసుల జాలీ. అందరికీ పోశాడు. ఆ కొత్త మనిషికి కూడా. అతను గ్లాసు అందుకుని తల వంచుకున్నాడు. నేను చాయ్ బాగుందన్నాను.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద మేమెవ్వరం లేం, ఎవరో నాట్యం చేసే అమ్మాయి బొమ్మ. దుకాణం పేరు పెద్దగా, మా మేళం పేరు చీమంత. అయినా గర్వంగానే తీసుకొచ్చి, సైకిల్ షాపులో బల్ల మీద టూ ఇన్ వన్ టేపు రికార్డరులో పెట్టాం. బావ చేతులు తుడుచుకుని వచ్చి, అరచేతిని స్పీకరు మీద ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక పాట మొత్తం అలాగే ఉన్నాడు.

"ఇదెవరు బావా?"

"నువ్వే."

"నేను గాదు." చెయ్యి తీయలేదు. "ఈన నిన్ను చూడకుంటనే కొడుతుండు."

ట్రంపెట్ మనిషి మెల్లగా బయటికి పోయి సైకిల్ బెల్లు ఒకటి తిప్పుతూ నిలబడ్డాడు. బావ టూ ఇన్ వన్ కట్టేయలేదు, నన్ను తిట్టలేదు. పోయి, చక్రం ముందు కూర్చుని పుల్లలు సరిచేయడం మొదలుపెట్టాడు.

ఆ వారం పెండ్లికి రాలేదు. కబురు పెడితే షాపులో పని ఉందన్నాడు. వేరే మనిషితో పోయాం. బరాత్ సగం దూరం పోయేసరికి జనం పలచబడ్డారు. పెండ్లికొడుకు మేనమామ, మంచి ఎగిరే మనిషి, నా దగ్గరికి వచ్చి, "ఏందే, ఇయ్యాల మీరు అచ్చం క్యాసెట్ లెక్కనే కొడుతున్నరు? గింత దానికి మిమ్ముల పిలుసుడెందుకు, క్యాసెట్టే పెట్టుకుందుము గదా" అన్నాడు. ముందు పొగడ్త అనుకుని దండం పెట్టాను. నాలుగడుగులు వేశాక అర్థమైంది.

మరునాడు పొద్దున షిఫ్టు లేదు. సైకిల్ షాపుకు ఊరికే పోవడానికి ముఖం చెల్లక, దారిలో ఆగి, నా సైకిల్ వెనక చక్రం వాల్వు విప్పి గాలి తీసేశాను. నడిపించుకుంటూ పోయి, "పంచరైంది బావా" అన్నాను.

ఆయన టైరు ఊడదీసి, ట్యూబుకు గాలి కొట్టి, పెదవుల ముందు ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు తిప్పాడు. సుద్దముక్క చెవి మీదే ఉండిపోయింది.

"దీనికి పంచర్ లేదు. గాలి నువ్వే తీసినవ్."

"అవ్."

"ఎందుకు?"

"ఆ దినం మైకు ఖరాబు కాలే బావా." ఈ మాట గట్టిగా అరిచి చెప్పాలి కదా. పక్క కిరాణా దుకాణంలో ఉన్నవాళ్ళంతా విన్నారు. "నేనే నిన్ను పొమ్మన్న."

"తెలుసు" అన్నాడు ఆయన, ట్యూబును టైరులోకి తోస్తూ. "కెటిల్ పట్టుకొని మెట్లెక్కుతుంటే కాలి కింద దరువు తెలిసింది. నా కర్రతోటి ఎవడో కొడుతుండని."

తెలిసే వచ్చాడు. తెలిసే అందరికీ చాయ్ పోశాడు. నేను బాగుందన్న ఆ చాయ్.

"మరి అప్పుడే అడగకపోతివి?"

"నువ్వు చెప్తవేమోనని చూసిన." పంపు తీసుకుని నిలబడ్డాడు. "నీ పెదవులు అబద్ధం చెప్పంగ ఎప్పుడన్న చూసుకున్నవా? ముందుగాల ఒక దిక్కు వంకర పోతయి. చర్లల గూడ పోయినయి. ఆ పెద్దమనిషి నిజంగ ఏమడిగిండు?"

"మీదేంది, అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే. ఇప్పుడు తెలిసింది." ఇంకేదో గొప్ప మాట చెప్పబోయాను. నా పెదవి వంకర పోయి ఉంటుంది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"వచ్చే పెండ్లికి వస్త. ఒక్కటి. ఈ మధ్య నువ్వు సగమే ఊదుతున్నవ్, పండ్లు కదులుతున్నయేమో. బుగ్గలు నిండ నింపు. నాకు అవుపిస్తలేదు."

వచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాయించాం. రెండో క్యాసెట్ కూడా చేశాం, కంపెనీ లేదు, అట్ట మీద బొమ్మ లేదు. మా క్వార్టరు ముందు, వేపచెట్టు కొమ్మకు టూ ఇన్ వన్ కట్టి, బావను నా ఎదురుగా నిలబెట్టి వాయించాం. నడుమ షిఫ్టు సైరన్ మోగింది, ఎవరిదో మేక అరిచింది. వేలల్లో అమ్ముడుపోయిందని చెబుతాను. మేం చేసినవే పది. వాటిలో మూడు బావ మనవల దగ్గర ఉన్నాయి.

మనవరాలికి ఇదంతా ఫోనులో చెప్పాను. "అయితే ఇండీ అంటే ఏంది తాతా?" అని మళ్ళీ అడిగింది. నాకిప్పటికీ తెలియదు తల్లీ, అన్నాను. క్యాసెట్ అమ్ముకోవడం తప్పు కాదు. సినిమా పాట వాయించడం తప్పు కాదు. ఎవర్ని చాయ్ తాగి రమ్మన్నారో చూసుకోండి, అంతే.

ఇంకొక్కటి ఒప్పుకుని ఆపుతాను. మెట్లు దిగి వచ్చేసిన నా కథను నేను బావ ముందే చెప్పేవాణ్ణి, టీకొట్టులో, పదిమందిలో. ఆయన అక్కడే బల్ల మీద కూర్చుని నా పెదవులు చూసేవాడు. నేను చివరికి వచ్చి, "అట్ల లేసి వచ్చిన, అడుగుండ్రి మా బావను" అనేవాణ్ణి. అందరూ ఆయన వైపు తిరిగేవారు. ఆయన గ్లాసు కింద పెట్టి, నా స్వరం తర్వాత ఒక గుక్కంత ఆలస్యంగా, "అవ్" అనేవాడు.